తాలు లెక్క ఎవడు రాశాడు?

ఈ టపా కొంచెం పెద్దది, కొంచెం కోపంగా కూడా ఉంటుంది. రెండిటికీ ముందే క్షమించండి. కోపం ఎవరి మీదో కాదు, మన మీదే. అంటే నా మీద, ఆఫీసులో కూర్చుని ఇది చదువుతున్న మీ మీద.

మిరపకాయల సీజన్లో నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరెళ్ళాను. మాది దర్శి పక్కన. సాగర్ కుడి కాలువ కింద చివరి భూములు. చివరి భూములంటే తెలుసుగా, నీళ్ళు ముందు పేపర్లోకి వస్తాయి, తర్వాత పొలంలోకి వస్తాయి. ఒక్కోసారి పేపరు దగ్గరే ఆగిపోతాయి. మా బాబాయి మూడెకరాలు మిరప, రెండెకరాలు పత్తి వేస్తాడు. 2021-22 లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాలగొట్టిన ఏడాది మిరప తోట మొత్తం దున్నేశాడు. ఆ అప్పు ఇంకా సాగుతూనే ఉంది. అందుకని ఆయన దగ్గర టిక్కీకి వంద రూపాయలు తేడా వచ్చినా అది చిన్న విషయం కాదు.

ఈసారి కాయ బాగానే వచ్చింది. కల్లంలో ఎండబెట్టి, తాలు కాయలు ఏరించి, అరవై టిక్కీలు తొక్కించాడు. గుంటూరు యార్డు దాకా ఎందుకు, కిరాయి దండగ అని దగ్గర్లో ఉన్న ఒక కొనుగోలు కేంద్రానికి తోలాడు. పేరు అనవసరం, ఇలాంటివి ఇప్పుడు చాలా వచ్చాయి. అక్కడ కొత్తగా ఒక పెట్టె పెట్టారు. లోపల తెల్ల లైటు, పైన కెమెరా, కింద సొరుగు. మచ్చు కాయలు ఒక దోసెడు సొరుగులో పోసి మూస్తారు. పది సెకన్లలో తెర మీద అంకె పడుతుంది. మా బాబాయి మచ్చుకి "తాలు 14 శాతం" అని పడింది.

బాబాయి కళ్ళతో చూసి చెప్పే లెక్క అయిదారు శాతం. నలభయ్యేళ్ళుగా కాయ చూస్తున్న కళ్ళవి. కానీ పెట్టె ముందు కళ్ళకి విలువేముంది? "మేం చెప్పింది కాదు గదా పెద్దాయనా, మిషను చెప్పింది" అన్నారట. క్వింటాలుకి 700 తగ్గించారు. టిక్కీ నలభై కిలోలు వేసుకున్నా అరవై టిక్కీలంటే 24 క్వింటాళ్ళు. 16,800 రూపాయలు. పది సెకన్లలో.

రాత్రి అన్నం తింటూ బాబాయి అడిగాడు.

"ఏరా పెద్దోడా, నువ్వు కంప్యూటరోడివి గదా. ఆ పెట్టె ఎట్టా లెక్కేసింది రా?"

నేను పదిహేనేళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను. నోట్లో ముద్ద పెట్టుకుని చాలా తేలిగ్గా చెప్పేశాను. "లోపల ఏఐ ఉంటుంది బాబాయ్."

"ఆయనెవరు? ఆయన్నడిగితే చెబుతాడా?"

పిన్ని నవ్వింది, చెల్లెలు నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగాడు. ఆ రాత్రి డాబా మీద పడుకుని ఆలోచిస్తే అర్థమైంది, నేను ఇచ్చిన సమాధానానికీ ఆ కేంద్రంలో కుర్రాడు ఇచ్చిన సమాధానానికీ ఒక్క అక్షరం కూడా తేడా లేదని. ఇద్దరం "మిషను చెప్పింది" అనే అన్నాం.

పొద్దున్నే లేచి నేను, చెల్లెలు కలిసి ఒక పని చేశాం. చెల్లెలు అగ్రికల్చర్ పీజీ చేస్తోంది. ఆమె సంగతి తర్వాత చెబుతాను, అది ఇంకో కథ.

ఇంట్లో మిగిలిన కాయల్లోంచి, బస్తా పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి కలిపి 200 కాయలు తీశాం. కల్లంలో వాడే నీలం పట్ట ముక్క ఒకటి కోశాం. ఎరుపూ తెలుపూ రెండూ నీలం మీద స్పష్టంగా తెలుస్తాయి గనక. కాయకీ కాయకీ తగలకుండా యాభై యాభై చొప్పున పరిచి, వసారాలో ఎండ నేరుగా పడని చోట పెట్టి, పక్కన ఒక స్కేలు, ఒక తెల్ల కాయితం ముక్క పెట్టి ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాం. ఇంట్లో మూల పడున్న నాలుగు జీబీ ర్యామ్ పాత లాప్టాప్‌లో ఇమేజ్‌జె వేశాను. మొత్తం ఖర్చు సున్నా, పట్ట ముక్క కోసినందుకు పిన్ని తిట్లు అదనం.

చేసిన పని చాలా మామూలుది. రంగుని బట్టి ముందు పట్టనీ కాయనీ విడదీయడం. తర్వాత కాయలో ఎంత భాగం ఎరుపు, ఎంత భాగం తెలుపు అని విడదీయడం. తర్వాత కాయలు లెక్కపెట్టడం. తొడిమ ముక్కలు, గింజలు కాయలుగా లెక్కలోకి రాకుండా ఒక కనీస సైజు పెట్టడం. మెనూలో ఒక్కొక్కటి నొక్కుతుంటే పక్కన రికార్డర్ అదే పనిని మాక్రోగా రాసుకుంటూ పోతుంది. చివరికి ఇరవై ముప్ఫై వరసల స్క్రిప్టు వచ్చింది. కోడ్ రివ్యూల్లో మనం చదివే చెత్తతో పోలిస్తే అది శతకపద్యం.

ఇప్పుడు ఫలితాలు చూడండి.

చేత్తో ఏరి పిన్నీ బాబాయీ తేల్చింది: 200 లో 13 తాలు. అంటే ఆరున్నర శాతం.

ఇమేజ్‌జె లో "కాయలో సగం పైన తెల్లబడితే తాలు" అని గీత గీస్తే: 12 కాయలు. 6 శాతం.

అదే ఇమేజ్‌జె లో, అవే ఫోటోలతో, "కాయలో పదో వంతు తెల్ల మచ్చ ఉన్నా తాలే" అని గీత జరిపితే: 29 కాయలు. 14.5 శాతం.

చిల్లర కొట్టు కాటా మీద తూకం వేస్తే: చేత్తో ఏరిన ఆ 13 కాయల బరువు మొత్తంలో 4 శాతం చుట్టుపక్కలే. ఎందుకంటే తాలు కాయ తేలిక, గింజ సరిగ్గా ఉండదు.

అర్థమైందా? పెట్టె అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. మేం తీసిన 200 కాయలు పెట్టెలో పోసిన దోసెడు కాయలు కావు, ఆ సంగతి నేనే ఒప్పుకుంటున్నాను. 200 కాయల మచ్చుకి అటూ ఇటూ మూడు మూడున్నర శాతం ఊగిసలాట ఉంటుంది, స్టాటిస్టిక్స్ చదివిన ఎవరికైనా తెలుసు. అంటే చేతి లెక్కని మూడు నుంచి పది శాతం మధ్య ఎక్కడైనా అనుకోవచ్చు. అయినా 14 అందులో లేదు. కానీ గీత జరిపితే ఉంది! అంటే ఆ పెట్టెలో ఎవడో ఒకడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఒక గీత గీశాడు. ఎంత తెలుపైతే తాలు అన్న గీత. సంఖ్యలో శాతమా, వైశాల్యంలో శాతమా, బరువులో శాతమా అన్నది కూడా వాడే నిర్ణయించాడు. అగ్‌మార్క్ ప్రమాణాల్లో ఇలాంటి లోపాలని బరువులో శాతంగా చెబుతారు. కెమెరాకి బరువు కనపడదు. మరి కనపడని దాన్ని ఏ లెక్కతో మార్చారు? లేక అసలు మార్చనే లేదా?

ఆ గీత ఖరీదు మా బాబాయికి 16,800 రూపాయలు. ఆ గీత గీసినవాడు నాలాంటివాడే అయ్యుంటాడు. తెలుగువాడైనా అయ్యుంటాడు. స్ప్రింట్ ఆఖరి రోజు సాయంత్రం "0.1 పెట్టేద్దాం, తర్వాత చూద్దాం" అనుకుని ఉంటాడు. మనం ఎన్నిసార్లు అనుకోలేదూ?

సరే, అసలు విషయానికొస్తాను.

మన ఊళ్ళలో కాటా మీద ఉన్న అనుమానం ఇంకే వస్తువు మీదా ఉండదు. అందుకే కాటాకి ముద్ర ఉంది. తూనికలు కొలతల శాఖ వాళ్ళొచ్చి రాళ్ళు సరిచూసి ముద్ర వెయ్యాలి. 2009 లో లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చింది, దానికి ముందు 1976 చట్టం ఉండేది. రైతు కావాలంటే తన రాయి తెచ్చి కాటాలో వేసి చూడొచ్చు. అందుకే కాటాలో మోసం జరిగినా అది పట్టుకోగలిగే మోసం. కెమెరా పెట్టె కూడా కాటాయే. కాకపోతే రాయి లోపల దాచిన కాటా. మా బాబాయి చూసిన పెట్టె మీద ఏ ముద్రా లేదు, తాలంటే ఏమిటో ఒక్క వాక్యం రాసి లేదు.

కొలిచే సాఫ్టువేరు మూసిపెట్టి ఉంటే అది కొలత కాదు, తీర్పు. నా వాదన ఇంతే. మిగిలినదంతా వివరణ.

ఇప్పుడు ఇమేజ్‌జె గురించి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ అని ఉంది. అక్కడ వేన్ రాస్‌బాండ్ అనే ఆయన 1987 లో మాకింతోష్ కోసం ఎన్ఐహెచ్ ఇమేజ్ అనే ప్రోగ్రాం పాస్కల్‌లో రాశాడు. సూక్ష్మదర్శినిలో కనపడే కణాలు లెక్కపెట్టడం, మచ్చల వైశాల్యం కొలవడం లాంటి పనులకి. అది మాక్ లోనే నడిచేది, మిగతావాళ్ళు ఏడ్చారు. 1997 లో ఆయన జావా అందుకుని మొదట్నుంచీ మళ్ళీ రాశాడు. అదే ఇమేజ్‌జె. విండోస్, మాక్, లినక్స్, ఏదైనా సరే. జావాని మనం ఎన్ని తిట్టినా ఈ ఒక్క పుణ్యం దానికి రాసిపెట్టాలి. ప్రభుత్వ ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసింది కనక అమెరికా చట్టం ప్రకారం కాపీరైటు లేదు. పబ్లిక్ డొమైన్. అంటే దర్శి బస్టాండులో కూర్చుని మీరు దాన్ని విప్పి, మార్చి, అమ్ముకున్నా అడిగేవాడు లేడు. ఆయన రిటైరయ్యాక కూడా దాని పని మానలేదు.

తర్వాత దాని మీద ప్లగిన్లన్నీ ఒక చోట చేర్చి ఫిజీ అని ఇంకొకటి వచ్చింది. 2012 లో నేచర్ మెథడ్స్ పత్రికలో దాని గురించి వ్యాసం వచ్చింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన సెల్‌ప్రొఫైలర్, క్యాన్సర్ కణజాలం స్లైడుల కోసం బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన క్యూపాత్, పైథాన్ వాళ్ళకి సైకిట్-ఇమేజ్, అందరికీ తెలిసిన ఓపెన్‌సీవీ. అన్నీ ఉచితం, అన్నీ తెరిచిన పుస్తకాలు. ఒక్కో దానికీ వెనక ఏళ్ళ తరబడి చాకిరీ ఉంది. ఆ చాకిరీలో మన తెలుగువాళ్ళం ఎంతమందిమి ఉన్నాం, ఉన్నవాళ్ళం మన భాషలో ఎన్ని పేజీలు రాశాం అని అడిగితే నేను మాత్రం తల దించుకోవాలి.

ఇప్పుడు చెల్లెలి కథ. ఆమె థీసిస్‌లో ఆకుమచ్చ తెగులు ఎంత శాతం ఆకుని తిన్నదో కొలవాలి. వాళ్ళ ల్యాబులో (అదెక్కడో అడక్కండి) ఆకు వైశాల్యం కొలిచే మిషను ఉంది, పని చెయ్యదు. అందుకని ఆకుని గ్రాఫు కాయితం మీద పెట్టి, చుట్టూ గీసి, గళ్ళు లెక్కపెడుతున్నారు. 2,000 సంవత్సరంలో కాదండీ, ఇప్పుడు. ఫోటోల కోసం మాత్రం ల్యాబు కంప్యూటర్లో ఖరీదైన ఫోటో ఎడిటింగ్ సాఫ్టువేరు ఉంది. క్రాక్ చేసింది, వైరస్‌తో సహా. ఆ ఫోటోలు థీసిస్‌లో పెట్టేముందు "మచ్చ సరిగ్గా కనపడట్లేదమ్మా, కొంచెం ముదురు చెయ్యి" అని సలహా. ఆమె చేసింది. ఎందుకు చెయ్యకూడదో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

సైన్సులో బొమ్మ అలంకారం కాదు, అది డేటా. ఫోటోలో ఒక్క మచ్చని మాత్రం ముదురు చెయ్యడమంటే ఎక్సెల్ షీట్లో ఒక్క గడిలో అంకె మార్చడమే. 2004 లోనే జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ వాళ్ళు ఈ విషయం మీద నియమాలు రాసి అచ్చేశారు. బొమ్మ మొత్తానికి సమానంగా వెలుతురు మార్చొచ్చు గానీ, ఒక చోట మాత్రం మార్చకూడదు, తీసెయ్యకూడదు, జరపకూడదు అని. 2016 లో ఎలిసబెత్ బిక్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 20,621 పరిశోధనా పత్రాలు కళ్ళతో చూసి, అందులో 3.8 శాతంలో అనుమానించదగ్గ బొమ్మలున్నాయని తేల్చారు. అందరూ కావాలని చేశారని కాదు. నేర్పేవాడు లేక చేసినవాళ్ళూ ఉంటారు, మా చెల్లెల్లాగా.

ఆ రోజు మిరపకాయల పని అయిపోయాక చెల్లెలు తన ఆకుల ఫోటోలు తెచ్చింది. అరగంటలో నేర్చుకుంది. గంటన్నరలో నలభై ఆకులు అయిపోయాయి. ముదురు చేసిన ఫోటోలకి బదులు ఫోన్లో ఇంకా మిగిలున్న అసలు ఫోటోలతో కొలిస్తే రెండు చికిత్సల మధ్య తేడా ఆమె అనుకున్నంత లేదని తేలింది. మొహం చిన్నబోయింది. "అన్నయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అంది. "అసలువే పెట్టు" అన్నాను. చెప్పడం తేలిక, గైడు ముందు నిలబడేది తనే కదా! పెట్టింది. ఆ థీసిస్ ఏమవుతుందో చూడాలి. ఈ కుటుంబంలో ఆ వారం అసలైన ధైర్యం చేసింది ఆ పిల్ల ఒక్కతే.

ఇక మీలో కొందరు ఇప్పటికే వ్యాఖ్య టైపు చెయ్యడం మొదలెట్టి ఉంటారు. నేనే మీ తరఫున రాసేస్తాను.

"ఫ్రీగా వచ్చేదానికి సపోర్టు ఎవరిస్తారు?" అయ్యా, ల్యాబులో ఉన్న క్రాక్ కాపీకి ఎవరిస్తున్నారు? డబ్బు పెట్టి కొన్నదానికి సపోర్టు ఉంటుంది, నిజమే. కానీ మన కాలేజీల్లో కొన్నది ఎంత, దొంగిలించింది ఎంత అన్నది మనకి తెలియనిది కాదు. ఉచితానికీ దొంగతనానికీ మధ్య ఎంచుకోమంటే దొంగతనం ఎంచుకునే జాతి మనదేనేమో! కేంద్ర ప్రభుత్వం 2015 లో ఈ-గవర్నెన్స్ పనుల్లో ఓపెన్ సోర్స్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని విధానమే ప్రకటించింది. కాయితం మీద మనం ఎప్పుడూ ముందే ఉంటాం.

"ఇమేజ్‌జె మొహం చూశావా, తొంభైల్లో ఆగిపోయింది." చూశాను. నిజమే. ఆ చిన్న బూడిద రంగు పట్టీ చూస్తే నాకూ విండోస్ 95 గుర్తొస్తుంది. పైగా ఒక పని రెండుసార్లు వెనక్కి తియ్యడానికి దాన్లో పడే పాట్లు దేవుడికెరుక. అసలు నాణ్యమైన లోపాలే ఇవి. కానీ మీరు యూఐ బాగు చెయ్యడంలోనే జీతం తీసుకుంటున్నారు కదా, వారాంతంలో ఒక చెయ్యి వెయ్యండి. కోడ్ అక్కడే ఉంది.

"ఇప్పుడంతా డీప్ లెర్నింగ్, థ్రెషోల్డులు ఎవరు పెడుతున్నారు?" ఇది గట్టి ప్రశ్నే, తప్పించుకోను. కాయలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే నా ఇరవై వరసల మాక్రో రెండిటిని కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. అక్కడ డీప్ లెర్నింగ్ నిజంగానే మెరుగు. స్టార్‌డిస్ట్, సెల్‌పోజ్ లాంటివి కణాల విషయంలో ఆ పనే చేస్తున్నాయి, అవి కూడా ఓపెన్ సోర్సే సుమా. నా గొడవ పద్ధతి పాతదా కొత్తదా అని కాదు. నెట్‌వర్క్‌కి నేర్పేటప్పుడు "ఇది తాలు, ఇది కాదు" అని ఫోటోల మీద గుర్తులు పెట్టిన మనిషి ఒకడున్నాడు. వాడు మిరప తోట చూశాడా? 334 కాయ, బాడిగ కాయ, తేజ కాయ, వీటి ఎరుపుల్లో తేడా వాడికి తెలుసా? బాడిగ కాయ ముడతలు చూసి దెబ్బతిన్నదని గుర్తు పెట్టాడా? థ్రెషోల్డయితే ఒక అంకె, చూపించడం తేలిక. నెట్‌వర్క్ అయితే ఆ గీత లక్షల అంకెల్లో కరిగిపోయి ఉంటుంది. కాబట్టి తెరిచి చూపించాల్సిన అవసరం ఇంకా ఎక్కువే గానీ తక్కువ కాదు.

"తెరిచి చూపిస్తే రైతులే మోసం చేస్తారు, గీత తెలిసిపోతుందిగా." ఈ మాట ఆ రంగంలో పని చేసే మిత్రుడొకడు నిజంగా నాతో అన్నాడు. కాటా రాయి బరువు అందరికీ తెలుసు, తెలిసినందువల్ల బస్తా బరువు పెరిగిందా? గీత తెలిస్తే రైతు ఆ గీతకి తగ్గట్టు కాయ ఏరుకుని తెస్తాడు. దాన్ని మోసం అనరు, గ్రేడింగ్ అంటారు. మనకి కావలసింది అదే కదా!

"నీ ఇమేజ్‌జె తో మాత్రం గీత ఎటు కావాలంటే అటు జరపొచ్చుగా?" జరపొచ్చు. జరిపి చూపించాను కదా పైన, 6 నుంచి 14.5 కి. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన లెక్క న్యాయమైనదైపోదు. కాకపోతే నా మాక్రో మీ చేతిలో పెడితే, ఏ వరసలో ఏ అంకె ఉందో మీరు వేలు పెట్టి చూపించి నాతో పోట్లాడొచ్చు. పెట్టెతో మా బాబాయి పోట్లాడలేకపోయాడు. ఆ పోట్లాడే హక్కు కోసమే ఈ గోలంతా.

సరే, తిట్టడం అయింది. చేద్దామనుకునేవాళ్ళకి మూడు పనులు.

ఒకటి. తెలుగులో రాయండి. ఇమేజ్‌జె లో స్కేలు ఎలా పెట్టాలి, రంగు ఎలా విడదీయాలి, ఆకు వైశాల్యం ఎలా కొలవాలి, వాట్సాప్‌లో పంపిన ఫోటో కొలతకి ఎందుకు పనికిరాదు (అది సైజు కుదిస్తుంది, రంగు వివరాన్ని నలిపేస్తుంది), ఫోను తనంతట తాను రంగు సర్దేస్తుంది కాబట్టి పక్కన తెల్ల కాయితం ఎందుకు పెట్టాలి. ఇంత చాలు, పది పేజీలు. మనం తెలుగులో టైపు చెయ్యగలుగుతున్నామంటే ఎవరో లేఖిని రాశారు, ఎవరో పోతన ఫాంటు గీశారు, స్వేచ్ఛ వాళ్ళు లినక్స్ సీడీలు పంచారు. వాళ్ళెవరూ మన మేనేజర్ని అడిగి చెయ్యలేదు.

రెండు. మీ ఊరికి దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీకో, వ్యవసాయ కళాశాలకో సెలవులకి వెళ్ళినప్పుడు ఒక పూట వెళ్ళండి. దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, గుంటూరు దగ్గర లాంలో మిరప మీద పరిశోధన చేసేవాళ్ళు ఉన్నారు. మన ఐఐటీ, ఎమ్మెస్, గ్రీన్‌కార్డు కబుర్లు చెప్పడానికి కాదు. ఒక లాప్టాప్, ఒక స్కానరు, పది ఆకులు. రెండు గంటల్లో వాళ్ళ గ్రాఫు కాయితం కష్టం తీరిపోతుంది. నేను మా చెల్లెలి స్నేహితులు ఆరుగురికి ఫోనులోనే నేర్పాను.

మూడు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీలో ఎవరైనా ఇలాంటి పెట్టెలు, ఆప్‌లు తయారు చేసే చోట పని చేస్తుంటే, తెర మీద అంకె పక్కన మూడు వాక్యాలు పెట్టించండి. తాలంటే మా లెక్కలో ఏమిటి. ఎన్ని కాయలు చూశాం. సంఖ్యలో శాతమా, బరువులో శాతమా. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఆ కోడ్ ఓపెన్ చెయ్యమని కూడా అడగండి, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఈ మూడు వాక్యాలకి ఏ కంపెనీ రహస్యమూ బయటపడదు. ఇంకా మంచిది, తీసిన ఫోటో రైతు ఫోనుకి పంపించండి. అప్పుడు ఆ ఇంట్లో ఒక చెల్లెలో తమ్ముడో దాన్ని తెరిచి మళ్ళీ లెక్కేసుకుంటారు. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలుపెట్టినప్పుడు చెప్పిన మాట కూడా ఇదే కదా, సరుకు నాణ్యత ముందు పరీక్షించి, అందరికీ కనపడేలా పెట్టి, ఆ తర్వాతే ధర అని. కనపడాల్సింది అంకె ఒక్కటేనా, ఆ అంకె ఎలా వచ్చిందో వద్దా?

తిరుగు ప్రయాణం రోజు బాబాయి బస్టాండు దాకా వచ్చాడు. నేను ఆ మాక్రోని ప్రింటు తీయించి, పక్కన ప్రతి వరసకీ తెలుగులో అర్థం రాసి ఇచ్చాను. ఏం చేసుకుంటాడో అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిలబడి మొత్తం చదివాడు. ఏడో వరస మీద వేలు పెట్టి అడిగాడు.

"ఈ సగం అనేది నువ్వు పెట్టావా?"

"అవును బాబాయ్."

"సగం ఎక్కువ రా అబ్బాయ్. మూడో వంతు తెల్లబడ్డా నేను తీసి పక్కన పడేస్తా. మూడో వంతు పెట్టు."

తనకి నష్టం వచ్చే వైపుకి గీత జరిపాడు మా బాబాయి! మార్చి మళ్ళీ నడిపితే 17 కాయలు వచ్చాయి, ఎనిమిదిన్నర శాతం. ఆ లెక్కన కొంత తగ్గించుకున్నా ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు. ఆయనకి కావలసింది తక్కువ అంకె కాదు, ఆ గీత దగ్గర తనకీ ఒక మాట.

మాక్రో, నాలుగు ఫోటోలు, తెలుగు వివరణ కావాలన్నవాళ్ళు అడగండి, పంపిస్తాను. తప్పులుంటే దిద్దండి, ముఖ్యంగా ఏడో వరసలో. మీ ఊళ్ళో పత్తికో, పొగాకుకో, వడ్లకో ఇలాంటి పెట్టె వచ్చి ఉంటే అదేం చెప్పిందో, మీవాళ్ళ కళ్ళేం చెప్పాయో రాయండి.